బాప్తిస్మం ముందా, బాకీ ముందా? నాన్నగారి విషయంలో సలహా కావాలి

గుణుపురం చెల్లి

అందరికీ వందనాలు. ఒడిశాలో ఉన్న మన తెలుగు విశ్వాసులు ఈ గుంపులో చాలామంది ఉన్నారని ఇక్కడ అడుగుతున్నాను.

నాన్నగారికి డెబ్భై దాటాయి. నలభై ఏళ్లు సంతల్లో చింతపండు, ఇప్పపువ్వు, కొండ చీపుర్లు కొని టౌనులో అమ్మారు. కొండల్లోని గిరిజనుల సవర భాష మాతృభాషలా మాట్లాడతారు. అమ్మా నేనూ చాలా ఏళ్ల క్రితమే బాప్తిస్మం తీసుకున్నాం. ఆయన మాత్రం చర్చి గుమ్మం దాకా వచ్చి బయటే నిలబడేవారు. ఈమధ్య ప్రతి ఆదివారం లోపలికి వచ్చి కూర్చుంటున్నారు, వాక్యం వింటున్నారు, కన్నీళ్లతో ప్రార్థన చేసుకుంటున్నారు. పాస్టర్ గారు సంతోషించి వంశధారలో బాప్తిస్మానికి తేదీ కూడా చెప్పారు.

ఇప్పుడు నాన్న ఒప్పుకోవడం లేదు. "నా బాకీలు తీరకుండా నీళ్లలో దిగను" అంటున్నారు. బ్యాంకు అప్పు కాదు. సంతలో కాటా పళ్లెం అడుగున మైనం ముద్ద అతికించేవారట. పైగా బస్తాకి రెండు కిలోలు తరుగు అని తీసేసేవారు. చింతపండు ఎండినదే అయినా తరుగు తరుగే. కొండ మీద నుంచి దిగివచ్చిన సవరవాళ్లకు ఇవేవీ చెప్పేవారు కాదు. అటక మీద నుంచి పాత ఖాతా పుస్తకాలు దించి, ఊరి పేరు, మనిషి పేరు చదువుతూ కూర్చుంటున్నారు. అందులో సగం మంది చనిపోయారు.

పాస్టర్ గారు "క్రీస్తు రక్తం కడిగేసింది, ఇంకా పట్టుకుని వేలాడటం అవిశ్వాసం" అన్నారు. నాన్న జవాబు: "దేవుడు క్షమించాడు సరే. ఆ ముసలాళ్లు క్షమించారా?"

ఏది ముందు? బాప్తిస్మమా, బాకీయా? నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది, ఆయన ఆరోగ్యం అంత బాగోలేదు.

బరంపురం విశ్వాసి

చెల్లెమ్మా, వందనాలు. మీ పాస్టర్ గారి మాటే వాక్యానుసారం. పెంతెకొస్తు రోజున పేతురు ఏమన్నాడు? మారుమనస్సు పొందండి, పాపక్షమాపణ కోసం యేసుక్రీస్తు నామంలో బాప్తిస్మం పొందండి (అపొ. కార్యములు 2:38). ఆ రోజే దాదాపు మూడు వేల మంది చేరారు. వాళ్లలో వ్యాపారులు లేరా? ఒక్కరి ఖాతా పుస్తకమైనా పేతురు అడిగాడా? సిలువ మీద దొంగకు తిరిగి ఇచ్చే అవకాశమే లేదు, ఆ రోజే పరదైసు దొరికింది. ఎఫెసీ 2:8, 9 ప్రకారం రక్షణ కృపవల్ల, క్రియలవల్ల కాదు.

బాకీలు తీర్చాకే దిగుతాను అంటే రక్షణకు వెల కట్టినట్టవుతుంది. వయసు మీద పడినాయనతో అలాంటి లెక్క పెట్టించకండి. రేపు ఏమవుతుందో మనకు తెలియదు.

రాయగడ లూథరన్

మా జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘంలో శిశు బాప్తిస్మం ఉంది. 1882లో జర్మనీ నుంచి కొరాపుట్ వైపు వచ్చిన బ్రెక్లుం మిషనరీల కాలం నుంచీ అదే పద్ధతి. నాకు ఊహ తెలియకముందే బాప్తిస్మం అయిపోయింది. కాబట్టి "ముందు పశ్చాత్తాపం పూర్తి చేసి రా, తర్వాత నీళ్లు" అనే వరుస మాకు కొత్త. లూథర్ 1529 చిన్న ప్రశ్నోత్తరిలో చెప్పింది ఏంటంటే, మనలోని పాత ఆదాము ప్రతిరోజూ పశ్చాత్తాపంతో మునిగి చావాలి, కొత్త మనిషి ప్రతిరోజూ లేవాలి. అంటే బాప్తిస్మం ఒక్క రోజు పని, దాని అర్థం బతికినంత కాలం.

అయితే బరంపురం అన్న చెప్పినదాంట్లో ఒకటి నాకు మింగుడుపడలేదు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, బాప్తిస్మం కోసమే వచ్చారు (లూకా 3:12). వాళ్లకి డబ్బు సంగతి చెప్పకుండా పంపాడా? పేర్కొన్నదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. బాప్తిస్మం దగ్గర జేబు సంగతి మాట్లాడటం తప్పేమీ కాదు.

బరంపురం విశ్వాసి

అన్నయ్యా, ఆ వాక్యం సరిగ్గా చూడండి. ఇకమీదట ఎక్కువ తీసుకోవద్దన్నాడు. పాతది వెనక్కి ఇచ్చి రమ్మనలేదు. నేను చెప్పేదీ అదే. మీ నాన్నగారు ఇప్పుడు ఆ వ్యాపారం మానేశారు కదా చెల్లెమ్మా?

గుణుపురం చెల్లి

మానేసి చాలా కాలమైంది అన్నయ్యా. కాటా ఇంట్లోనే ఉంది. నిన్న ఆ మైనం గీకేశారు.

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మీ నాన్నగారి ప్రశ్న కొత్తది కాదు, మోషే ధర్మశాస్త్రంలోనే దీనికి జవాబుంది. లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లో పొరుగువాణ్ని మోసం చేసినవాడి గురించి ఉంది. మూలధనం తిరిగి ఇవ్వాలి, దాని మీద అయిదో వంతు కలపాలి, అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే సొంతదారుకు అది ముట్టజెప్పాలి. అంటే బలిపీఠమూ బాధితుడి గుమ్మమూ ఒకే రోజు పని. సంఖ్యాకాండం 5:6 నుంచి 8 వరకు ఇంకో మెట్టు ఉంది. నష్టపోయిన మనిషి లేకపోయి, తీసుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే, ఆ సొమ్ము యెహోవాది, యాజకుడికి చెందుతుంది. చూశారా, "చనిపోయారు కదా, ఇక ఏం చేస్తాం" అన్నదానికి కూడా దేవుడు దారి పెట్టాడు. వారసులుంటే వారసులకి. ఎవరూ లేకపోతే దేవుని పనికి. ఎలాగైనా ఆ డబ్బు మోసం చేసినవాడి ఇంట్లో మిగలకూడదు.

క్రొత్త నిబంధనలో జక్కయ్య అనే సుంకరి ఉన్నాడు (లూకా 19). అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. అయిదో వంతు చాలు కదా? స్వచ్ఛందంగా వచ్చి ఒప్పుకున్నవాడికి ధర్మశాస్త్రం అడిగింది అంతే. నాలుగంతలు గొర్రెను దొంగిలించి అమ్మేసిన దొంగకు పడే శిక్ష (నిర్గమ 22:1). జక్కయ్య తనను తాను దొంగల వరుసలో నిలబెట్టుకున్నాడు. ఎవరూ అతన్ని అలా నిలబడమనలేదు.

కానీ బరంపురం సోదరుడి భయం కూడా అర్థం లేనిది కాదు. జక్కయ్య కథలో వరుస చూడండి. ముందు యేసు అతని ఇంటికి వస్తానన్నాడు, తనను చూడటానికి ఎక్కిన చెట్టు దిగమన్నాడు, అందరూ సణుగుతుంటే లోపలికి వెళ్లాడు. తర్వాతే జక్కయ్య నోట డబ్బు మాట వచ్చింది. కృప వచ్చి కూర్చున్నాక ఇనప్పెట్టె తెరుచుకుంది.

"నీకే కేవలము నీకే విరోధముగా పాపము చేసాను" అని దావీదు 51వ కీర్తనలో అన్నాడు కదా, మనుషులతో పనేముంది అని కొందరు వాదిస్తారు. ఆ దావీదు చేసిన నేరంలో, ఎవరి భార్యను తీసుకున్నాడో ఆ ఊరియా చచ్చిపోయాడు. తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. తిరిగి ఇవ్వగలిగినవాడు ఆ కీర్తన చాటున దాక్కోకూడదు.

జయపురం యూత్

మాస్టారూ, ఒక మాట అడగొచ్చా? ఆ రోజుల్లో సంతల్లో అందరూ అలాగే కొనేవారు. లారీ కిరాయి, వర్షానికి పాడైన సరుకు, టౌనులో పెద్ద షావుకారు కొట్టే కోత, అన్నీ భరించాలి. అంకుల్ గారొక్కరే ఎందుకు ఇంత బాధపడాలి? రేట్లు తక్కువ ఉన్నా వాళ్లు ఇష్టపడే అమ్మారు కదా.

సెరంగో కొండ

నేను సవరవాణ్ని. గజపతి జిల్లా. పర్లాకిమిడిలో చదువుకోవడంవల్ల తెలుగు వచ్చు, తప్పులుంటే క్షమించండి.

తమ్ముడూ, ఇష్టపడి అమ్మారు అన్నావు. మా తాత చీకటితో లేచి చింతపండు కావడి భుజాన వేసుకుని కొండ దిగేవాడు. ఇంటి దగ్గరే కుంచంతో కొలిచి బయల్దేరేవాడు. ఆయనకు చదువు రాదు గాని లెక్క వచ్చు. కాటా దగ్గర తగ్గిందని ఆయనకు తెలుసు. అడిగితే "నీ సరుకు తడిసింది, వద్దు, తీసుకుపో" అంటారు. ఆ బరువు మోసుకుని మళ్లీ కొండ ఎక్కాలి. పైగా ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు ఆ షావుకారు దగ్గరే అప్పుగా తెచ్చుకుని ఉంటాడు. అందుకని ఏమీ అనకుండా ఇచ్చింది తీసుకునేవాడు. తెలియక మోసపోయాడని మీరనుకుంటారు. తెలిసి తలొంచాడు, అది ఎక్కువ నొప్పి.

సామెతలు 11:1 మా భాషలో కూడా చదువుకుంటాం, దొంగత్రాసు యెహోవాకు అసహ్యం. ఆమోసు 8:5లో తూము చిన్నదిగా, తులం పెద్దదిగా చేసేవాళ్ల మాట ఉంది. అందరూ చేశారన్న జవాబు ఆమోసు దగ్గర పనిచేయలేదు.

అక్కా, మా కొండల్లో ఇప్పుడు చాలా ఊళ్లు బాప్టిస్టు విశ్వాసులవే. కెనడా మిషనరీలు వచ్చి సెరంగోలో ఆసుపత్రి పెట్టారు, పాటలు నేర్పారు, వాక్యం చెప్పారు. మీ నాన్నగారి ఖాతాలో ఉన్న పేర్ల మనవళ్లు ఈరోజు సంఘ పెద్దలై ఉంటారు. రేపు ఆయన బాప్తిస్మం తీసుకుంటే మేమూ ఆయనా ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవాలి. మత్తయి 5:23, 24 గుర్తుచేసుకోండి. నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడు అన్నాడు ప్రభువు. మీ నాన్న అడిగిన ప్రశ్న మాకు నచ్చింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన షావుకారును నేను చూడలేదు.

జయపురం యూత్

అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కొరాపుట్ నర్సమ్మ

సెరంగో అన్న రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

చెల్లీ, నాకు ఫిలిప్పీ చెరసాల అధికారి గుర్తొచ్చాడు (అపొ. కార్యములు 16). అందరూ "ప్రభువైన యేసునందు విశ్వాసముంచు" అన్నదాకా చదివి ఆపేస్తారు. 33వ వచనం చూడు. ఆ రాత్రి ఆ గడియలోనే అతను పౌలు సీలల్ని తీసుకొచ్చి వాళ్ల దెబ్బలు కడిగాడు. ఆ వెంటనే అతనూ అతని ఇంటివాళ్లూ బాప్తిస్మం పొందారు. కొట్టించింది న్యాయాధిపతులు, నిజమే, కానీ ఆ పుండ్లతోనే లోపలి గదిలో వేసి కాళ్లకు బొండ, అంటే కొయ్య సంకెళ్లు, వేసింది ఇతనే. అంతదాకా అతనికి పట్టని పుండ్లు అర్ధరాత్రి కంటికి కనిపించాయి. నేను వార్డులో పనిచేసేదాన్ని, ఎండిపోయి బట్టకు అతుక్కున్న గాయం కడగడమంటే ఏంటో నాకు తెలుసు. నీళ్లతో తడిపి, నానబెట్టి, నెమ్మదిగా ఊడదీయాలి. ఆ పని అతను చేశాకే అతను నీళ్లలోకి వెళ్లాడు.

ఇందులో రెండు సంగతులున్నాయి. గాయం కడగకుండా బాప్తిస్మం పొందలేదు. అలాగని గాయం మానేదాకా బాప్తిస్మం ఆపలేదు కూడా. వాళ్ల వీపులు మానడానికి వారాలు పట్టి ఉంటుంది, బాప్తిస్మం మాత్రం ఆ రాత్రే అయింది. నాన్నగారికి ఇది చదివి వినిపించు. కడగడం మొదలుపెట్టమను. మానడం పూర్తయ్యేదాకా ఆగమని ఏ అపొస్తలుడూ అనలేదు.

రాయగడ లూథరన్

నర్సమ్మగారూ, ఈ వచనాన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు. మా పాస్టర్ గారికి పంపిస్తున్నాను.

బరంపురం విశ్వాసి

నేనూ ఒప్పుకుంటాను, మొదలుపెట్టడం వరకు. కానీ నా భయం ఇంకా పోలేదు, అది కూడా చెప్పనివ్వండి. ప్రభువును డబ్బుకు అప్పగించిన యూదా కూడా ఆ డబ్బు తిరిగి ఇచ్చాడు. ముప్పై వెండి నాణేలు, ఒక్కటి తగ్గకుండా. "నిరపరాధ రక్తాన్ని అప్పగించి పాపం చేశాను" అని నోటితో ఒప్పుకున్నాడు (మత్తయి 27:3, 4). ఒప్పుకోలు ఉంది, తిరిగి ఇవ్వడం ఉంది, దుఃఖం ఉంది. కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి, ప్రభువు దగ్గరికి కాదు. వాళ్లు "మాకేమి, నువ్వే చూసుకో" అన్నారు. దేవుని చిత్తానుసారమైన దుఃఖం రక్షణకు, లోకసంబంధమైన దుఃఖం మరణానికి అని 2 కొరింథీ 7:10లో పౌలు చెప్పిన తేడా ఇదే. అంకుల్ గారు ఆ పుస్తకాల ముందు ఒంటరిగా కూర్చుంటున్నారని చదివాక నాకు అదే గుండెల్లో గుబులు. లెక్క తేలలేదని కుంగిపోతే ఏం చేస్తాం?

వాయిదా ప్రమాదం కూడా ఉంది. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ బాప్తిస్మాన్ని చివరిదాకా ఆపి 337లో మరణానికి ముందు తీసుకున్నాడు. ఆ కాలంలో చాలామంది అలా చేసేవారు, తర్వాత చేసే పాపాలకు క్షమాపణ ఎలాగని భయపడి. బాప్తిస్మం అంటే పాపాల లెక్కంతా తేలాక కొట్టించుకునే ముద్ర అయిపోయింది వాళ్లకి.

పర్లాకిమిడి మాస్టారు

యూదా గురించి చెప్పింది చాలా మంచి మాట. అందుకే ఆయన్ని ఆ పుస్తకాలతో ఒంటరిగా వదలకూడదు. సంఘ పెద్దలు ఇద్దరు పక్కన కూర్చోవాలి. ప్రార్థనతో మొదలుపెట్టి, ఒక్కో ఊరు తీసుకోవాలి. కిలో గ్రాము లెక్క దొరకదు, దొరకాలని దేవుడూ అడగడు. ఫలానా ఊరి నుంచి ఏడాదికి సుమారు ఇన్ని బస్తాలు, బస్తాకి ఇంత తరుగు అని పెద్దమనిషి అంచనా చాలు. ఫిలేమోను పత్రికలో అతని బానిస ఒనేసిము బాకీ గురించి పౌలు "అది నా లెక్కలో చేర్చు" అన్నాడు గుర్తుందా? సంఘమంటే ఆ మాట అనగలిగేవాళ్లు. ఆయన చేతిలో లేనిది సంఘం కొంత కలిపితే తప్పేమీ కాదు.

ఒక ముఖ్యమైన సంగతి అడగాలి అమ్మా. సరుకు మాత్రమేనా, భూమి ఏమైనా ఉందా? ఈ ప్రాంతంలో తాకట్టు పేరుతో భూమి చేతులు మారడం మామూలు.

గుణుపురం చెల్లి

ఉంది మాస్టారూ. అడిగితే చెప్పారు. ఎకరం లోపు మెట్ట, ఒక సవర కుటుంబం అప్పు కింద వదిలేసింది. కాగితం ఏదీ లేదు, సాగు మాత్రం మా కౌలుదారు చేస్తున్నాడు.

పర్లాకిమిడి మాస్టారు

అయితే అది మొదట తీయండి. మీ గుణుపురం ఉన్న రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక చట్టాలున్న ప్రాంతం. 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ (భూబదిలీ చట్టం) ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు అధికారి అనుమతి లేకుండా బదిలీ కావడానికి వీల్లేదు. 2002 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అసలు బదిలీయే నిషిద్ధం, వ్యవసాయ అప్పు కోసం బ్యాంకులకు తాకట్టు పెట్టడం లాంటివి తప్ప. అంటే ఆ మెట్ట దేవుడి ముందే కాదు, చట్టం ముందు కూడా మీది కాదు. సబ్ కలెక్టర్ కచేరీలో దరఖాస్తు పెట్టి, వాళ్ల పేరు మీదే ఉందని రికార్డు చూసుకుని, స్వాధీనం అప్పజెప్పండి. పాత అప్పు మాటెత్తకండి.

ఇంకో కాగితం పని కూడా ఉంది. ఒడిశా మత స్వేచ్ఛ చట్టం 1967లో వచ్చింది, దాని నియమాలు 1989లో. మతం మారే వ్యక్తి మొదటి తరగతి మేజిస్ట్రేటు ముందు, ఇది నా ఇష్టంతోనే అని ప్రకటన ఇవ్వాలి. బాప్తిస్మం ఇచ్చే పాస్టర్ గారు తేదీ, సమయం, స్థలం, పేరు, చిరునామా పదిహేను రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు తెలియజేయాలి. మీ పాస్టర్ గారు ఇది చేశారా లేదా కనుక్కోండి. చేయకుండా ఏట్లో దింపితే రేపు ఆయనకే చిక్కు.

రాయగడ లూథరన్

ఆ పదిహేను రోజులు దేవుడు ఇచ్చిన గడువు అనుకోండి చెల్లెమ్మా. నీళ్లలోకి దిగేలోపు గాయాలు కడగడానికి సరిపోయే సమయం.

గుణుపురం చెల్లి

అందరికీ వందనాలు. నిన్న రాత్రి ఈ చర్చంతా నాన్నకు చదివి వినిపించాను. చెరసాల అధికారి దగ్గర ఆపించి మళ్లీ చదవమన్నారు. సెరంగో అన్న తాతగారి సంగతి విన్నప్పుడు మాత్రం లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

పొద్దున పాస్టర్ గారు వచ్చారు. మొదట కొంచెం ఇబ్బందిపడ్డారు, తర్వాత మాస్టారు చెప్పిన లేవీయకాండం భాగం తెరిచి ఆయనే చదివారు. నిర్ణయం ఇది. కలెక్టరు గారికి తెలియజేయాల్సింది ఈ వారమే పంపుతారు, నాన్న ప్రకటన కూడా అప్పుడే. ఆ గడువులో మెట్ట భూమి అప్పజెప్పే దరఖాస్తు, ఖాతాలో ఎక్కువసార్లు ఉన్న మూడు ఊళ్లకు వెళ్లడం అయిపోవాలి. మిగతా ఊళ్లు బాప్తిస్మం తర్వాత, ఓపికను బట్టి. అంచనా మీద అయిదో వంతు కలుపుతారు. వారసులు దొరకని పేర్ల సొమ్ము ఆ ఊళ్ల పిల్లల హాస్టలు ఫీజులకు వెళ్లాలని నాన్న కోరిక. ఇంట్లో ఒక స్థలం అమ్మాల్సి రావచ్చు. అమ్మ వెంటనే సరే అంది. మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, వాడి కోసం ప్రార్థన చేయండి.

బరంపురం అన్నయ్యా, మీరు భయపడ్డట్టు నాన్న కుంగిపోలేదు. "నా లెక్క తీరదు, తీరని లెక్కకే ఆయన చచ్చిపోయాడు. నేను తీర్చేది నా చేతిలో మిగిలిన పరాయి సొమ్మే" అన్నారు.

సెరంగో అన్నా, ఒక సాయం. మొదటి ఊరు మీ వైపే, కొండ పైన. నేరుగా ఇళ్లకు వెళ్లి కవర్లు ఇవ్వడమా, ఎలా?

బరంపురం విశ్వాసి

ఆ మాట విన్నాక నాకు అభ్యంతరం ఏమీ మిగల్లేదు చెల్లెమ్మా. ఆ ఆదివారం నేనూ గుణుపురం వస్తాను.

సెరంగో కొండ

అక్కా, కవర్లు వద్దు. చాటుగా చేతిలో పెడితే పాత షావుకారు కొత్త అప్పు అంటగడుతున్నాడని ముసలాళ్లు భయపడతారు. సంత రోజు అసలే వద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక రండి. సంఘ పెద్దల్ని, ఊరి గమాంగ్‌ని, అంటే మా ఊరి పెద్దని, ఇద్దర్నీ కూర్చోబెట్టండి, ఊళ్లో క్రైస్తవులు కానివాళ్లూ మోసపోయారు కదా. నాన్నగారికి సవర భాష వచ్చు కాబట్టి ఆయనే మాట్లాడాలి, మీరు మధ్యలో చెప్పొద్దు. ముందు ఏం చేశారో చెప్పాలి, తర్వాతే డబ్బు బయటికి తీయాలి. కొందరు కోపంగా మాట్లాడతారు. వినాలి. వెంటనే క్షమించామని అనకపోయినా డబ్బు అక్కడే వదిలి రావాలి, అది క్షమాపణకు వెల కాదు, వాళ్ల సొమ్ము. ఖాతా పుస్తకం తప్పకుండా తీసుకురండి, పేర్లు పైకి చదవండి. ఏ ఊరో నాకు మెసేజ్ పెట్టండి, ఆ సంఘ పెద్దతో నేను ముందుగా మాట్లాడి ఉంచుతాను.